'డాక్టర్ హూ' ధారావాహిక: "మునుపటిలా లేదు" అన్న అభిమాని తీర్పు

ఏళ్ల తరబడి సాగే ధారావాహికలను అనుసరించే అభిమానుల నోట తప్పక వినబడే మాట "మునుపటిలా లేదు" అన్నది. ఈ మాట అభిమాని గతకాల వ్యామోహాన్ని, సమూహంలో అతని స్థానాన్ని తెలుపుతుందే తప్ప కృతి గురించి ఏమీ చెప్పదని కొట్టివేసే ధోరణి ప్రేక్షక అధ్యయనాలలో కనిపిస్తుంది. ఈ వ్యాసకర్త ఆ ధోరణితో ఏకీభవించడం లేదు. అభిమాని తీర్పు కూడా విమర్శే. అయితే అది ఎప్పుడు నిలుస్తుంది, ఎప్పుడు జారిపోతుంది అన్నది తేల్చవలసి ఉంది. అందుకు బి.బి.సి. వారి వైజ్ఞానిక కల్పనా ధారావాహిక 'డాక్టర్ హూ' చరిత్ర ఎంతో అనువైనది.

1963 నవంబర్ 23న మొదలైన ఈ ధారావాహిక 1989లో ఆగి, 2005లో మళ్లీ ప్రారంభమైంది. నడుమ 1996లో ఒక టెలివిజన్ చిత్రం మాత్రం వచ్చింది. కాలంలో ప్రయాణించే కథానాయకుడు 'డాక్టర్' మరణం సమీపించినప్పుడు దేహం మార్చుకుంటాడు. 1966లో విలియం హార్ట్‌నెల్ స్థానంలో పాట్రిక్ ట్రౌటన్ రావడంతో మొదలైన ఈ ఏర్పాటు వల్ల నటుడు మారినా పాత్ర కొనసాగుతుంది. నిర్మాతలూ రచయితలూ కూడా మారుతూ వచ్చారు. కనుక పాతదానితో కొత్తదాన్ని పోల్చే అవకాశం ఈ కృతి స్వభావంలోనే ఉంది.

మనకు ఇది పరాయి సమస్య కాదు. ముగ్గురు కవుల చేతిలో రూపుదిద్దుకున్న ఆంధ్ర మహాభారతాన్ని చదివేవారు నన్నయను, తిక్కనను తూచకుండా ఉండలేరు. అయితే ఎఱ్ఱన అరణ్యపర్వ శేషాన్ని నన్నయ శైలికి దగ్గరగా మొదలుపెట్టి క్రమంగా తిక్కన వైపు జరుగుతాడని మన విమర్శకులు గుర్తించారు. అంటే అతుకు ఫలానా చోట ఉందని వేలు పెట్టి చూపడం అంత సులభం కాదు. 'డాక్టర్ హూ' అభిమానులు మాత్రం నటుడి పేరుతోనో నిర్మాత పేరుతోనో "యుగాలు" గీసుకుని, ఒక్కో యుగానికి ఒక్కో తీర్పు చెప్పడానికి అలవాటుపడ్డారు.

ఈ యుగవిభజన ఎంత బలహీనమైనదో అభిమానుల ఓట్లే చెబుతాయి. 2009లో 'డాక్టర్ హూ మ్యాగజీన్' అప్పటివరకు వచ్చిన 200 కథలకు పాఠకుల చేత స్థానాలు నిర్ణయింపజేసింది. మొదటి స్థానం 'ది కేవ్స్ ఆఫ్ ఆండ్రోజానీ'కి దక్కింది. 200వ స్థానంలో నిలిచినది 'ది ట్విన్ డైలమా'. ఈ రెండూ 1984 మార్చిలో వెంట వెంటనే ప్రసారమయ్యాయి. మొదటిది ముగిసిన మరుసటి వారమే రెండవది మొదలైంది. నిర్మాత జాన్ నేథన్-టర్నర్, స్క్రిప్ట్ ఎడిటర్ ఎరిక్ సేవార్డ్ రెండింటికీ వారే. మారినవారు ప్రధాన నటుడు, రచయిత, దర్శకుడు. ఒకే నిర్మాణ బృందం నుంచి వారం వ్యవధిలో ఉత్తమమూ అధమమూ వెలువడ్డాయని అభిమానులే ఓటు వేసినప్పుడు, "నేథన్-టర్నర్ కాలంలో నాణ్యత పడిపోయింది" అన్న వాక్యానికి అర్థం ఏముంటుంది? తూచవలసినది కథను, యుగాన్ని కాదు.

తీర్పు జారిపోవడానికి మరొక కారణం ఉంది. అది అభిమాని మనస్సులో కన్నా కృతి లభ్యతలో ఉంది. 1960లలో ప్రసారమైన భాగాల టేపులను బి.బి.సి. తుడిచి తిరిగి వాడుకుంది, ఫిల్ము ప్రతులలో చాలావాటిని పారవేసింది. నేటికీ తొంభైకి పైగా భాగాలు అలభ్యం. ఇంట్లో చూసుకునే వీడియో క్యాసెట్‌గా ఈ ధారావాహికలోని మొదటి కథ 1983లో గాని రాలేదు. అంతవరకు అభిమానికి ఆధారం జ్ఞాపకం, దానితోపాటు టార్గెట్ సంస్థ ప్రచురించిన నవలారూపాలు. వాటిలో అరవైకి పైగా టెరెన్స్ డిక్స్ ఒక్కరే రాశారు. పుస్తకంలో రాక్షసుడి దుస్తుల కుట్లు కనబడవు, గోడలు అట్టముక్కల్లా ఊగవు. దానితో పోల్చినప్పుడు ఆ శనివారం తెరమీద చూసింది వెలవెలబోవడంలో వింత లేదు.

కావ్యాలను పదే పదే అనుశీలించడం వల్ల మనస్సు అద్దంలా తేటపడినవాడు సహృదయుడని అభినవగుప్తుని వివరణ. ఆ అభ్యాసానికి కావ్యం చేతిలో ఉండాలి. తొలితరం అభిమానికి అభిరుచి ఉంది, శ్రద్ధ ఉంది, కృతి మాత్రం లేదు. 1967 నాటి 'ది టూమ్ ఆఫ్ ది సైబర్‌మెన్' పోయిన కథలలో మేటిగా పేరుపడింది. హాంకాంగ్‌లో దొరికిన ప్రతుల ఆధారంగా 1992లో అది క్యాసెట్‌గా వచ్చినప్పుడు కథలోని లొసుగులు, చౌక సాంకేతికత, నల్లజాతి సేవకుని పాత్రచిత్రణలోని వెగటు చర్చకు వచ్చాయి. కథ నిరాకరణకు గురికాలేదు గాని, పురాణం స్థాయి నుంచి కథ స్థాయికి దిగింది. జ్ఞాపకం మోసం చేస్తుందని నేథన్-టర్నర్ తన మీద వచ్చిన విమర్శలకు సమాధానంగా అంటూ ఉండేవాడు. అది సగం నిజం. చూసే వీలు కలిగిన వెంటనే తమ తీర్పును తామే దిద్దుకున్న అభిమానులను కేవలం వ్యామోహపరులని ఎలా అనగలం? తీర్పును సవరించుకోవడం విమర్శకుని లక్షణమే కదా!

'ది డెడ్లీ అసాసిన్' వివాదం ఇంకొంచెం చిక్కైనది. 1976 అక్టోబర్, నవంబర్ నెలల్లో ప్రసారమైన ఈ నాలుగు భాగాల కథను రాబర్ట్ హోమ్స్ రాశాడు. డాక్టర్ స్వజాతి అయిన 'టైమ్ లార్డ్స్' 1969 నాటి 'ది వార్ గేమ్స్'లో గంభీరులైన దేవతల్లా కనిపించారు. హోమ్స్ వారిని ముసలి రాజకీయవేత్తలుగా, పదవుల కోసం కుట్రలు పన్నేవారుగా చిత్రించాడు. దేహం మార్చుకోవడం పన్నెండు సార్లే సాధ్యమని పరిమితి పెట్టాడు. అభిమాన సంఘం అధ్యక్షుడు జాన్ విన్సెంట్-రుడ్‌స్కీ సంఘ పత్రికలో దీన్ని తీవ్రంగా ఖండించాడు. ఆయన ఆక్షేపణ ప్రధానంగా పూర్వకథలతో విరోధం గురించినది. తరువాతి తరం ఈ కథనే ధారావాహికలోని మేటి రచనలలో ఒకటిగా స్వీకరించింది. హోమ్స్ చేసిన మార్పు వారికి మార్పుగా తోచలేదు. అదే వారి సంప్రదాయమైంది.

జాన్ టులక్, హెన్రీ జెన్కిన్స్ 1995లో వెలువరించిన గ్రంథంలో టులక్ అభిమానులను అధికారం లేని విశిష్టవర్గంగా నిర్వచించాడు. కృతిని వ్యాఖ్యానించే అధికారం వారిదే, దాన్ని నడిపే శక్తి మాత్రం వారి చేతిలో లేదు. ఆనాటికి ఇది సరైన వర్ణనే. 1986 డిసెంబరులో బి.బి.సి. 'ఓపెన్ ఎయిర్' కార్యక్రమంలో పదహారేళ్ల అభిమాని ఒకరు, అప్పుడే ముగిసిన 'ది ట్రయల్ ఆఫ్ ఎ టైమ్ లార్డ్' కొత్తదనం లేకుండా ఉందని రచయితలైన పిప్, జేన్ బేకర్ దంపతుల ఎదుటే విమర్శించాడు. అతడు క్రిస్ చిబ్నల్. అతనికి దోషం సరిగానే కనబడింది, కారణం కనబడే వీలు లేదు. చివరి రెండు భాగాలు రాస్తున్న హోమ్స్ ఆ ఏడాది మే నెలలో మరణించాడు. ముగింపు విషయంలో నిర్మాతతో విభేదించిన సేవార్డ్ తాను రాసిన చివరి భాగాన్ని వెనక్కి తీసుకున్నాడు. ఆ ముగింపు ఏమిటో తెలుసుకోకుండానే బేకర్ దంపతులు కొద్ది రోజుల్లో వేరొక ముగింపు రాయవలసి వచ్చింది. ప్రేక్షకుని తీర్పు ఫలితానికి పరిమితం. దాన్ని రచయిత సామర్థ్యం మీద తీర్పుగా మార్చినప్పుడే పొరపాటు జరుగుతుంది.

ఆ చిబ్నలే 2018 నుంచి 2022 వరకు ధారావాహికకు ప్రధాన రచయిత, నిర్వాహకుడు అయ్యాడు. ఆయనకు ముందున్న రసెల్ టి. డేవిస్, స్టీవెన్ మోఫాట్ కూడా చిన్ననాటి నుంచి అభిమానులే. అంటే టులక్ నిర్వచనంలోని అధికారరాహిత్యం చెల్లకుండాపోయింది. కాని వివాదం చల్లారలేదు. 2020 మార్చిలో వచ్చిన 'ది టైమ్‌లెస్ చిల్డ్రన్'లో డాక్టర్‌కు తనకే తెలియని పూర్వజన్మలు ఎన్నో ఉన్నాయని చిబ్నల్ వెల్లడించాడు. పూర్వకథలకు ద్రోహం జరిగిందన్న ఆక్షేపణ మళ్లీ చెలరేగింది. ఈసారి విరోధమని చూపినవాటిలో హోమ్స్ పెట్టిన పన్నెండు సార్ల పరిమితి కూడా ఉండడం గమనార్హం. ఒక తరానికి అపచారమైనది మరొక తరానికి ప్రమాణం. చిబ్నల్ పక్షం వారికీ ఆధారం లేకపోలేదు. 1976 జనవరి నాటి 'ది బ్రెయిన్ ఆఫ్ మోర్బియస్'లో డాక్టర్ పూర్వరూపాలుగా స్ఫురించే ముఖాలు కనిపిస్తాయి. చిబ్నల్ వాటిని తన కథలో వాడుకున్నాడు.

2020 నాటి వాదులకు జ్ఞాపకం సాకు లేదు. రెండు కథలూ ఎవరికైనా అందుబాటులో ఉన్నాయి. పక్కపక్కన పెట్టి చూస్తే రెండింటిలోనూ కీలక ఘట్టం ఒకే చోట, టైమ్ లార్డ్స్ జ్ఞాననిధి అయిన 'మ్యాట్రిక్స్' లోపల జరుగుతుంది. హోమ్స్ కథలో మూడవ భాగం దాదాపు అంతా అక్కడ సాగే వేటే. మాటలు బహు తక్కువ. డాక్టర్ పరుగెత్తుతాడు, గాయపడతాడు, ఎదురుదెబ్బ తీస్తాడు. అతను నీట మునుగుతున్న చివరి దృశ్యంపై మేరీ వైట్‌హౌస్ చేసిన ఫిర్యాదు వల్ల బి.బి.సి. క్షమాపణ చెప్పి, ఆ దృశ్యాన్ని కత్తిరించింది కూడా. చిబ్నల్ కథలో డాక్టర్ అదే మ్యాట్రిక్స్‌లో బందీగా నిలబడి ఉంటుంది. ప్రతినాయకుడు ఆమె చరిత్రను ఆమెకు చెబుతాడు, ఆమె వింటుంది. రహస్యం ఎంత పెద్దదైనా ఆమె దాన్ని వెతికి కనుగొన్నది కాదు. పూర్వకథలతో విరోధం రెండింటిలోనూ సమానమే. కథానాయిక చేయవలసిన పని చిబ్నల్ కథలో వినడానికి కుదించుకుపోయింది. ఈ లోపాన్ని చూపడానికి పన్నెండు సార్ల లెక్క అక్కరలేదు, పాత యుగం గొప్పదనాన్ని తలచుకోవలసిన పని కూడా లేదు.