అడవి ఫోటోల్లో మనం ఎక్కడ?

పోయిన చలికాలంలో మా రచయితల బృందం నుంచి నలుగురం విశాఖపట్నంలో ఒక ఫోటో ప్రదర్శన చూడటానికి వెళ్లాం. తూర్పు కనుమల్లోని పురుగులు, పక్షులు, జంతువుల ఫోటోలన్నారు. మా కొండలు పట్నం గోడ మీద ఎలా ఉంటాయో చూద్దామని ఆశ.

ఫోటోలు బాగున్నాయి. ఆ మాట ముందే చెప్పాలి, లేకపోతే ఇది ఏడుపు వ్యాసమవుతుంది. తూనీగ రెక్కల మీద మంచుబొట్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవచ్చు. ఆరుద్ర పురుగు ఫోటో ముందు మేము చాలాసేపు నిలబడ్డాం. తొలకరి వానలకు నేల మీదికొచ్చే ఆ ఎర్రని పురుగును చిన్నప్పుడు అరచేతిలో పాకించుకోని వాళ్లు మాలో ఎవరూ లేరు. అయినా దానికి ఎనిమిది కాళ్లున్నాయని, ఆ లెక్కన అది సాలీడుకు దగ్గరి చుట్టమని మాకు ఆ ఫోటోనే చెప్పింది. కెమెరా చూపించేది మన కంటికి అందనిది. ఆ మేలును కాదనం.

హాలంతా తిరిగాక మాలో ఒక చెల్లెలు అడిగింది: ఇన్ని ఫోటోల్లో మనిషి ఒక్కడూ లేడేం? నిజమే, లేడు. ప్రతి ఫోటో కిందా ఇంగ్లీషు పేరు, లాటిన్ పేరు, తీసినవారి పేరు, వాడిన లెన్సు, షట్టర్ వేగం ఉన్నాయి. చోటు పేరు దగ్గర ‘అరకు’ అని ఊరుకున్నారు. తెలుగు పేరున్నవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మా భాషల్లో పేరున్నది ఒక్కటీ లేదు.

కొండ మైనా ఫోటో ఒకటుంది. దాని కింద ‘మనిషి అడుగు పడని అడవి’ అని రాశారు. పక్షి వెనక మసక మసకగా ఒక జీలుగు చెట్టు. ఆ చెట్టుకు కల్లుకుండ కట్టి ఉంది! మసకలో ఉన్నా జీలుగు కుండను పోల్చుకోలేమా? మాకు నవ్వొచ్చింది, పక్కవాళ్లు తిరిగి చూశారు. మనిషి రోజూ పొద్దున్నా సాయంత్రం ఎక్కిదిగే చెట్టు ముందు పక్షిని నిలబెట్టి అక్కడ మనిషి అడుగే పడలేదని రాయడం అబద్ధమని కూడా ఆ రాసినాయనకు తెలియదు. ఆయన చూసింది పక్షిని. పక్షి ఉన్న చోటును చూడలేదు.

మా విమర్శ అక్కడే. బొమ్మ తీయడం వేరు, చూడటం వేరు. ఏ పండు పక్వానికొస్తే ఆ పిట్ట ఏ చెట్టు మీదికొస్తుందో, పొద్దున ఎన్ని గంటలకు నీళ్లకు దిగుతుందో ఆ ఫోటో తీసినాయనకు ఎవరు చెప్పారు? అరకు, లంబసింగి వైపు మన కుర్రాళ్లు దినకూలికి ఈ పనికి వెళ్తున్నారు. ముందు నడిచి, ఆగి, వేలు పెట్టి చూపిస్తారు. అవతలాయన మీట నొక్కుతాడు. లెన్సు పేరుకు చోటు దొరికిన కాగితం మీద ఆ కుర్రాడి పేరుకు చోటు దొరకలేదు.

ఇది కొత్త సంగతి కాదు. కడప జిల్లా కలివికోడి కథ చూడండి. కలివి పొదల్లో తిరిగేది కనక స్థానికులు దాన్ని కలివికోడి అన్నారు. 1848లో జెర్డాన్ అనే ఇంగ్లీషు డాక్టరు ద్వారా శాస్త్రవేత్తలకు తెలియడంతో లోకానికి అది జెర్డాన్స్ కోర్సర్ అయింది. 1900 తరవాత పరిశోధకులెవరికీ కనపడక, అంతరించిపోయిందనే అనుకున్నారు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ వెతుకుతున్నప్పుడు, 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర ఐతన్న అనే పిట్టల వేటగాడు రాత్రిపూట టార్చి వెలుగులో దాన్ని పట్టుకున్నాడు. ఆ కబురు విని సాలిం అలీ అంతటివాడు పరుగున వచ్చాడు. అది రాత్రి తిరిగే పక్షి. పగలు వెతికితే ఏం దొరుకుతుంది?

ఆ శాస్త్రవేత్తలు ఐతన్న పేరు దాచలేదు, తమ రాతల్లో రాసుకున్నారు. రాలిపోయింది తరవాతి చేతుల్లోనే. క్విజ్ పుస్తకాల్లో, ఫోటోల కింద, బడి పాఠాల్లో ‘1986లో తిరిగి కనుగొన్నారు’ అనే మాటే మిగిలింది. పోయింది ఎవరికి, దొరికింది ఎవరికి? కలివికోడి అనే పేరు బతికి ఉందంటే ఎవరో ఒకరు దాన్ని ఎరిగి ఉన్నారన్నమాటే కదా. ఐతన్నది ఏ కులమో ఏ తెగో వెతకడం మా పని కాదు. అడవి అంచున పిట్టలు పట్టి బతికిన మనిషి, అంతే. ఆయన పట్టిన ఆ పక్షి తరవాత బతకలేదన్నది కూడా ఈ కథలో భాగమే. దాన్ని దాచి మనం గొప్పలు చెప్పుకోకూడదు.

తరవాతి పరిశోధకులు కలివికోడిని వెతికిన పద్ధతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. పొదల మధ్య మెత్తటి మట్టిని పట్టీలుగా పరిచి, తెల్లారి దాని మీద అడుగుజాడలు చదివారు. ఆ తరవాత కెమెరాలు పెట్టారు. వేటకు వెళ్లిన ఏ తాతను అడిగినా మట్టి మీద జాడ చదవడం ఎంత కష్టమో చెబుతాడు. వాళ్ల లెక్కలో ఇంకో సంగతి తేలింది. హెక్టారుకు సుమారు 300 నుంచి 700 పెద్ద పొదలున్న చోటే ఆ పక్షి ఎక్కువగా ఉంటుంది. మరీ చిక్కనైతే నడవలేదు, మరీ పలచనైతే దాగలేదు. ఆ పొదను అలా ఉంచడంలో మితంగా మేసే మేకలకూ, కట్టెలు కొట్టుకునే మనుషులకూ పాత్ర ఉండొచ్చని కూడా వాళ్లు రాశారు. ఫోటోలో లేకుండా కత్తిరించిన మనిషి, మేకతో సహా, ఆ పక్షి ఇంట్లోనే ఉన్నాడు.

నల్లమలలోనూ అదే. నాగార్జునసాగర్–శ్రీశైలం, అమ్రాబాద్ పులుల అభయారణ్యాల్లో చెంచులు కాపలా పని చేస్తున్నారు, పులిజాడ తీస్తున్నారు. పత్రికలో వచ్చేది పులి బొమ్మ.

పేర్ల గురించి ఒక మాట. విశాఖ కొండల పక్షుల మీద చాలా ఏళ్లు పనిచేసిన కె.ఎస్.ఆర్. కృష్ణరాజు పేరు మీద 1985లో ఇక్కడి ఒక పిట్ట ఉపజాతికి ‘కృష్ణరాజుయి’ అని పెట్టారు. తెలుగువాడికి దక్కిన ఆ గౌరవం మాకూ సంతోషమే. మనవాళ్ల పేరు ఏ పిట్టకూ పెట్టలేదని మా బాధ కాదు. పిట్టకు మనవాళ్లు పెట్టిన పేరు ఏమైపోయిందన్నదే బాధ. జెర్డాన్ తన పక్షుల పుస్తకంలో ఎన్నో పక్షులకు తెలుగు పేర్లు అడిగి రాసుకున్నాడు. ఇంగ్లీషు అక్షరాల్లో కొన్ని వంకర పోయాయి, అయినా అడిగాడు. నూటయాభై ఏళ్ల తరవాత ఇంత మంచి కెమెరా పట్టుకొచ్చినవాళ్లు అడగడం లేదు.

ఇక మన ఇంటి సంగతి. తమ్ముళ్లూ, కోపం తెచ్చుకోకండి. ఇప్పుడు గూడెంలో ప్రతి ఇంట్లో ఫోనుంది, మనమూ ఫోటోగ్రాఫర్లమే. మనం తీస్తున్నదేమిటి? అలుగును తోక పట్టి ఎత్తి సెల్ఫీ, గూట్లోంచి తీసిన చిలక పిల్లతో రీలు. అలుగు 1972 చట్టంలో మొదటి షెడ్యూలు జంతువు. ఆ సెల్ఫీ కేసుకు సాక్ష్యం, దొంగ వ్యాపారికి చిరునామా. పట్నం వాళ్ల నుంచి మనవాళ్లు నేర్చుకున్న చెడ్డ పనులు ఇంకో రెండున్నాయి. గూడు బాగా కనపడాలని చుట్టూ కొమ్మలు విరిస్తే పిల్లలు ఎండకూ కాకికీ దొరుకుతాయి. ఫోనులో కూత వినిపించి పిట్టను రప్పిస్తే, అది వేరే మగపిట్ట వచ్చిందనుకుని గూడు వదిలి పోరాటానికి వస్తుంది. ఒకసారి రెండుసార్లు కాదు, ఆదివారం వచ్చిన ప్రతి బండివాడికీ.

చోటు పేరు చెప్పడంలోనూ జాగ్రత్త కావాలి. గుత్తి సాలీడు సంగతి వినండి. నెమలికంఠం రంగులో మెరిసే ఆ పెద్ద సాలీడును 1899లో గుత్తి రైల్వే కలప నిల్వలో దొరికినదాన్ని చూసి రాశారు. దాని సొంత ఊరు గుత్తి కాదు, రైల్లో కలపతో వచ్చి ఉంటుంది. నూరేళ్ల తరవాత, 2001లో, నంద్యాల–గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ కనిపించింది. అందం దానికి శాపమైంది. గాజుపెట్టెల్లో పెంచుకునేందుకు విదేశాల్లో కొంటారు. అలాంటిదాన్ని ఏ చెట్టు తొర్రలో చూశామో ఫోనులో చోటుతో సహా పెట్టేస్తే ఎవరికి మేలు? అందుకే మన పిల్లలకు మేము చెప్పేది రెండు వేర్వేరు మాటలు: పేరు రాయండి, చెట్టు గుర్తు మాత్రం దాచండి.

ప్రదర్శన చూసి వచ్చాక మాలో టీచరు పనిచేసే అన్న తన బడిలో ఒక ప్రయత్నం చేశాడు. పక్షుల బొమ్మలు పిల్లలకు చూపిస్తే నెమలి, చిలక, కాకి తరవాత ఆగిపోయారు. ఊళ్లో ఒక తాతను పిలిచి అవే బొమ్మలు చూపించాడు. తాత కూడా చాలావాటికి తల అడ్డంగా ఊపాడు. పిల్లలు నవ్వారు. అన్నకు అప్పుడు ఒక ఆలోచన వచ్చింది. బొమ్మలు పక్కన పెట్టి, తరగతి గదిలోనే, ఫోనులో కూతలు వినిపించాడు. తాత కళ్లు మూసుకుని పేర్లు చెప్పడం మొదలుపెట్టాడు. ఏది వాన ముందు కూస్తుందో, ఏది పాము కనపడితే అలా అరుస్తుందో, ఏది కూస్తే సామలు కోతకొచ్చినట్టో అన్నీ చెప్పాడు. ఆయన ఆ పిట్టల్ని ఎప్పుడూ బొమ్మలా దగ్గరగా, కదలకుండా చూడలేదు. ఆకుల చాటు నుంచి విన్నాడు. ఇది ఏ కెమెరాకూ పడదు.

పిల్లలు ఒక నోటు పుస్తకంలో గళ్లు గీశారు. కూత, మన భాషలో పేరు, తెలుగు పేరు, ఎప్పుడు వస్తుంది, ఎవరు చెప్పారు. చివరి గడి పెట్టమన్నది మేమే. ఆ గళ్లు నెమ్మదిగా నిండుతున్నాయి. రాత్రిపూట ఆగి ఆగి ఒకే గొంతుతో కూసే ఒకదాని దగ్గర మాత్రం తాత చాలాసేపు ఆలోచించి, ‘ఇది మా అయ్యకు తెలుసు’ అన్నాడు. దాని ఎదురుగా పేరు గడి ఖాళీగానే ఉంది. డుంబ్రిగుడ, అనంతగిరి వైపు బడుల్లో ఉపాధ్యాయులు ఎవరైనా తమ ఊరి పెద్దల్ని అడిగి, తెలిస్తే మాకు రాసి పంపండి. చెప్పినవారి పేరు కూడా రాయండి.