ఎఱ్ఱని ఆకు: ఋతుపదము, ఛాయాచిత్రము

జపాను హైకూలను తెలుగు చేయువారు అచ్చటి ‘అకి’ ఋతువును ‘శరత్తు’ అని వ్రాయుట కలదు. నెలల లెక్కను బట్టి ఇది తప్పు కాదు. కాని శరత్తనగానే మన కావ్యములు చదివినవారికి వెన్నెల, తేట నీరు, ఱెల్లుపూలు స్ఫురించును గాని ఎఱ్ఱబాఱిన ఆకు స్ఫురింపదు. మనకు ఆకు రాలుట శిశిర ధర్మము. కావున అనువాదమున పదము దక్కినను ఋతువు జాఱిపోవుచున్నది.

హైకూలో ‘కిగో’ అను ఋతుపదము చేయు పని గొప్పది. ‘మొమిజి’ అన్న చాలును. జపాను పాఠకునకు మేపిల్ ఆకుల రంగు, ముదురుచున్న చలి, ఆకులను చూడ కొండలకు బోవు ‘మొమిజిగారి’ వేడుక అన్నియు మనసునకు వచ్చును. ‘సైజికీ’ అను ఋతుపద కోశములు మొమిజిని అకి యందును, ‘ఒచిబా’ను, అనగా రాలిన ఆకును, శీతకాలము నందును చేర్చినవి. కొమ్మ నుండి నేలకు వచ్చులోపల ఋతువే మాఱినదన్న మాట! రెంటిని ‘ఆకురాలు కాలము’ అను నొక్క పేరున కట్టివేసిన అనువాదమున ఈ సూక్ష్మము మిగులదు.

ఇటీవల హైకూ ప్రక్కన ఛాయాచిత్రమును జేర్చు పద్ధతి వ్యాపించినది. అమెరికాలోని తెలుగువారును తమ వీధిలోని చెట్లను చిత్రించి మూడు పంక్తులు జతపఱచుచున్నారు. పద్యము తన కాళ్లపై తాను నిలువవలెనని దీనిని ఆక్షేపించువారు కలరు. మేము వారితో ఏకీభవింపము. కిగో జపాను పాఠకునకు ఇచ్చుదానిలో కొంతయైనను తెలుగు పాఠకునకు ఛాయాచిత్రము ఇచ్చుచున్నది.

ఇరుగుపొరుగు వస్తువులనే చూచుటయు హైకూకు క్రొత్త కాదు. మాసావోకా షికి (1867–1902) చిత్రకారుడగు నకమురా ఫుసెత్సు వలన పాశ్చాత్య చిత్రలేఖన మర్మము నెఱిగి, ఉన్నదానిని ఉన్నట్లు గీయు ‘షసెయి’ని పద్యమునకు ఆదర్శముగా నిలిపెను. వెన్నెముక క్షయచే మంచము పట్టిన పిదప టోక్యోలోని నెగిషి యింట తన చిన్న తోటయే ఆయనకు లోకమైనది. 1900లో అచ్చటి కోడిజుట్టుపూలపై చెప్పిన పద్యము నేటికిని చర్చనీయముగా నున్నది.

అయినను ఒక దోషమును చెప్పక తప్పదు. చిత్రమున చెట్టు ఎఱ్ఱగా మండుచుండగా క్రింది పద్యమును ‘చెట్టు మండుచున్నది’ అనినచో అది పునరుక్తి. బుసోన్ (1716–1784) కవియు చిత్రకారుడును. ఆయన పెంపొందించిన ‘హైగా’ సంప్రదాయమున చిత్రము పద్యమునకు టీక కాదు. చిత్రము రంగు చూపినచో పద్యము చీపురు చప్పుడు వినిపింపవలెను.

ఛాయాచిత్రము మఱియొక చిక్కును గూడ తెచ్చినది. సంప్రదాయ గణనమున నవంబరు 7 ప్రాంతమున శీతకాలము ప్రవేశించును. క్యోటోలో ఆకులు బాగుగ ఎఱ్ఱబాఱుట నవంబరు ద్వితీయార్ధమున! 1953 నుండి జపాను వాతావరణ శాఖ వ్రాసియుంచిన పరిశీలనలను బట్టి మేపిల్ ఎఱ్ఱబాఱు దినము క్రమముగా వెనుకకు జరుగుచున్నది. కోశము ఒకటి చెప్పగా చిత్రము క్రింది తేదీ వేఱొకటి చెప్పుచున్నది. షికి మార్గమున నడచువాడు తేదీనే నమ్మునని మా తలంపు.

మన వీధులలో బాదము చెట్టు శిశిరమున ఆకులను ఎఱ్ఱజేసికొని రాల్చును. దానిపై హైకూ చెప్పువాడు శరత్తును ఎరువు తెచ్చుకొన బనిలేదు. చిత్రము క్రింద మాఘమాసమని వ్రాసికొనవచ్చును.