డీజే బాక్సులో ఎవరి గొంతు?

గిరిజన రచయితల పుస్తకంలో పంక్ రాక్ గురించి వ్యాసమేమిటని అడిగేవాళ్లు ఉంటారు. న్యాయమైన ప్రశ్నే. నిజామాబాద్ బజారులో రామోన్స్, నిర్వాణ అని రాసి ఉన్న నల్ల టీషర్టులు చవగ్గా దొరుకుతాయి. భీమ్‌గల్, సిరికొండ వైపు తండాల పిల్లలు వాటిని తొడుక్కుని వేల్పూర్‌లో బస్సు కోసం నిలబడటం మీరూ చూసి ఉంటారు. ఆ పేరు ఏదో బట్టల కంపెనీదని చాలామంది అనుకుంటారు. అది ఒక పాటల బృందం పేరనీ, ఆ రకం పాట పుట్టుకలో ఒక ఆదివాసీ చెయ్యి ఉందనీ అమ్మినవాడికీ తెలియదు, తొడుక్కున్నవాడికీ తెలియదు. ఇరవై ఏళ్లుగా ఈ పాటలు వింటున్నవాడిగా ఆ చెయ్యి ఎవరిదో చెప్పాలనిపించింది.

అతని పేరు లింక్ రే. 1929లో అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో, డన్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. తమది షానీ తెగ అని చెప్పుకున్న పేద కుటుంబం. ఎర్ర ఇండియన్లనీ నల్లవాళ్లనీ వెంటాడే తెల్ల ముసుగుల మూకలకు భయపడుతూ పెరిగాడు. సైన్యంలో పనిచేశాక క్షయ వచ్చి ఒక ఊపిరితిత్తి పోయింది. పాడటం కష్టమైంది. ఇక గిటారే అతని గొంతు. 1958లో 'రంబుల్' అనే వాయిద్యపు ముక్క రికార్డు చేశాడు. మోత సరిపోలేదని ఆంప్లిఫయర్ స్పీకర్‌కు పెన్సిలుతో చిల్లులు పొడిచాడు. అందుకే అందులో గిటార్ మోగదు, చిరుగుతుంది. మన పెళ్లిళ్లలో బాక్సు పేపరు చిరిగితే డీజే పిల్లవాడికి ముఖం చెల్లదు. ఆయన కావాలని చింపాడు!

ఆ ముక్కలో ఒక్క మాట కూడా లేదు. అయినా కొన్ని నగరాల్లో రేడియోలు దాన్ని వేయలేదు, కుర్రాళ్లు కొట్లాటలకు దిగుతారని. మాటే లేని పాటకు భయపడ్డారంటే ఆ శబ్దంలో ఏముందో ఊహించుకోవచ్చు. బరువుగా నాలుగు మెట్లు, మధ్యలో కాస్త ఖాళీ, మళ్లీ అవే మెట్లు. వేల్పూర్ చుట్టుపక్కల పసుపు ఉడకబెట్టి ఎండబెట్టాక పాలిష్ డ్రమ్ములో వేసి తిప్పే చప్పుడు విన్నవాళ్లకు ఈ ముక్క కొత్తగా అనిపించదని నా అనుమానం. మొదటిసారి విన్నప్పుడు నాకు ఆ డ్రమ్మే గుర్తొచ్చింది. తర్వాత వచ్చిన పెద్ద పెద్ద గిటారిస్టులు కొందరు, లెడ్ జెప్లిన్ జిమ్మీ పేజ్‌తో సహా, ఆయన దగ్గర నేర్చుకున్నామని చెప్పారు. లింక్ రే 2005లో చనిపోయాడు. అమెరికాలో రాక్ సంగీతానికి ఒక గౌరవ మందిరం ఉంది. అందులో ఆయన పేరు చేరింది 2023లో. మనవాళ్లను చనిపోయాక గౌరవించడం అక్కడ కూడా అలవాటే అన్నమాట.

ఆయన చిరిగిన శబ్దాన్ని పట్టుకుని, దాని వేగం పెంచి, పొడవు తగ్గించి, 1976లో న్యూయార్క్ రామోన్స్ తమ మొదటి ఆల్బమ్ తెచ్చారు. పద్నాలుగు పాటలు, మొత్తం కలిపి అరగంట లోపే. ఖర్చు ఆరు వేల నాలుగు వందల డాలర్లు, ఆ రోజుల్లో పేరున్న బృందాలు పెట్టేదానితో పోలిస్తే చిల్లర. గిటార్ మీద మూడు నాలుగు పట్లు వస్తే చాలు, మీరూ ఒక బృందం పెట్టుకోవచ్చని ఆ ఆల్బమ్ చెప్పింది. పంక్ అంటే నాకు ఇదే. ముళ్ల జుట్టు, చెవికి పిన్నీసు తర్వాత అతికించిన అలంకారాలు.

మరుసటి ఏడాది లండన్‌లో సెక్స్ పిస్టల్స్ రాణిగారి సింహాసనానికి ఇరవై అయిదేళ్లు నిండిన పండుగ వేళ ఆమెను ఎద్దేవా చేస్తూ పాట తెచ్చారు. బీబీసీ నిషేధించింది. అందరూ పంక్ అనగానే వాళ్ల పేరే చెబుతారు. నా లెక్కలో వాళ్లు మొదటి వరసలో లేరు. వాళ్లను నడిపిన మేనేజర్ ఒక బట్టల దుకాణం యజమాని. ఆ కోపంలో సగం కోపమైతే సగం సరుకు. క్లాష్ వాళ్లు నయం. జమైకా నుంచి వచ్చిన నల్లవాళ్ల రెగే పాటను విని, గౌరవంగా తమ ఆల్బమ్‌లో పాడారు. అయినా అక్కడా ఒక చిక్కుంది: నల్లవాళ్ల వీధి పోరాటం చూసి మనమూ అలా తిరగబడాలని తెల్ల కుర్రాళ్లు పాడుకోవటం. మన గుస్సాడీ టోపీ పెట్టుకుని వేదికెక్కే మంత్రులను చూసినవాళ్లకు ఆ చిక్కు తేలిగ్గా అర్థమవుతుంది. క్లాష్ వాళ్ల మనసు మాత్రం మంచిదే, అది వింటే తెలుస్తుంది.

ఆ లండన్ గుంపులో నేను మొదట నిలబెట్టేది ఎక్స్-రే స్పెక్స్ అనే బృందాన్ని. పాడిన అమ్మాయి పాలీ స్టైరీన్. తండ్రి సోమాలియావాడు, తల్లి బ్రిటన్‌కు చెందిన తెల్లావిడ. పళ్లకు తీగలు కట్టుకుని, కంటికి కొట్టొచ్చే రంగుల బట్టలేసుకుని, పక్కన శాక్సోఫోన్ పెట్టుకుని అరిచేది. రంగు తక్కువ, పళ్లు వంకర, గొంతు కీచు అని బయటివాళ్లు లెక్కపెట్టేవన్నీ వేదిక మీదికి తెచ్చి, ఇదే నా పాట అంది. 1978లో వచ్చిన వాళ్ల ఆల్బమ్ ఇప్పటికీ పాతబడలేదు. ప్లాస్టిక్ వస్తువులతో, ప్రకటనలతో నిండిన బతుకు మీద ఆ అమ్మాయి వేసిన ఎకసెక్కాలు మన ఫోన్ల కాలానికి ఇంకా బాగా అతుకుతాయి.

తెలుగులో ఇలాంటిది లేదా అంటే, ఉంది. లండన్ కంటే ముందే ఉంది. 1972లో మొదలైన జన నాట్య మండలి, గొంగడి కప్పుకుని కాళ్లకు గజ్జెలు కట్టిన గద్దర్, ఒక డప్పు, వెనక నుంచి పలికే ఇద్దరు. వేదిక అక్కర్లేదు, సంగీతం మాస్టారు అక్కర్లేదు. చేతులు మారిన క్యాసెట్లు. గద్దర్‌ను పంక్ అంటే కొందరికి కోపం వస్తుంది. నేనేమీ ఆయన్ను లండన్ కొలబద్దతో కొలవటం లేదు. లండన్‌వాళ్లనే ఆయన కొలబద్దతో కొలిస్తే సగంమంది పొట్టివాళ్లు అవుతారు. కాకపోతే ఆ పాట తండాకు వచ్చింది తెలుగులో. మనం నేర్చుకున్నదీ, పిడికిలెత్తి పాడిందీ తెలుగులో. గోర్‌బోలి ఇంట్లో ఉండిపోయింది.

ఇప్పటి తెలుగు బ్యాండ్లలో హైదరాబాద్ చౌరస్తా వాళ్లంటే నాకిష్టం. వాళ్లతో పాడిన రామ్ మిర్యాల గొంతులో ఒక పల్లె తడి ఉంటుంది. కానీ అది ఊరు విడిచిన ఉద్యోగి ఊరి మీద పడే బెంగ. ఊళ్లోనే ఉండి కాలుతున్నవాడి పాట వేరు. దానికి దగ్గరగా వచ్చింది చెన్నై క్యాస్ట్‌లెస్ కలెక్టివ్. దర్శకుడు పా. రంజిత్, సంగీతకారుడు టెన్మా కలిసి కూడగట్టిన బృందం. ఉత్తర చెన్నై గానా పాటగాళ్ల పక్కన ఎలక్ట్రిక్ గిటార్ నిలబెట్టారు, 2018 జనవరిలో మొదటి కచేరీ చేశారు. సావు ఇంటి పాట అని తక్కువ చూపు చూసిన గానాను దాని యాసతో, దాని బూతుతో, దాని డప్పుతో సహా పెద్ద స్పీకర్లలో పెట్టారు. గానా ఏ భాషలో ఏడ్చిందో ఆ భాషలోనే అరిచింది. ఇదీ నేను వెతుకుతున్నది.

దీనికంటే దూరం వెళ్లినవాళ్లు ఆస్ట్రేలియాలో ఉన్నారు. ఎర్ర ఎడారి మధ్య పాపున్యా అనే ఆదివాసీ ఊళ్లో వరుంపీ బ్యాండ్ పుట్టింది. ఆ ఊరి అన్నదమ్ములు ఇద్దరు, ఉత్తర సముద్రపు దీవి నుంచి వచ్చిన యోల్ఙు పాటగాడొకరు, బయటి నుంచి వచ్చి అక్కడ ఉండిపోయిన తెల్ల కుర్రాడు నీల్ మర్రే. 1983లో వాళ్లు తెచ్చిన మొదటి పాట లురిచ భాషలో ఉంది. ఆదివాసీ భాషలో రికార్డయిన మొదటి రాక్ పాటగా దానికి పేరు. విషయం జైలు నుంచి బయటికి రావటం. మామూలు రాక్ పాటే, గిటార్ ఏమంత గొప్పగా ఉండదు, డ్రమ్స్ కాస్త తడబడతాయి. ఆ భాష రానివాళ్లం మనం బయట నిలబడి వినాలి. అది నాకు నచ్చింది. సిడ్నీవాడు మొదటిసారి గుమ్మం బయట నిలబడ్డాడు, పాపున్యా ముసలమ్మ లోపల కూర్చుని ప్రతి మాటా అర్థం చేసుకుంది. సెక్స్ పిస్టల్స్ రాణిని తిట్టిన దానికంటే ఇది పెద్ద ధిక్కారమని నేను అంటాను. తిట్టుకు కనీసం రాణి భాషే వాడారు వాళ్లు.

ఇక మన బాక్సుల దగ్గరికి వద్దాం. ఇప్పుడు తీజ్ వచ్చినా, సేవాలాల్ జయంతి వచ్చినా, పెళ్లి వచ్చినా ట్రాక్టర్ మీద బాక్సులు కడతారు. పాటలు కొన్ని ఇక్కడివి, కొన్ని నాందేడ్ వైపు నుంచి వచ్చిన బంజారా పాటలు. పెద్దవాళ్లు డీజే బంద్ చేయాలంటారు. నేను ఆ మాట అనను. మోత చెడ్డది కాదు, లింక్ రే సాక్షి. నా ఫిర్యాదు మోత లోపల ఉన్నదాని మీద. ఎక్కువ పాటల్లో గోర్‌బోలి మాటలు రెండు వరసలే ఉంటాయి, అవే పదిసార్లు తిరుగుతాయి. పిల్ల నడక, పిల్ల ఫోన్ నంబరు, బావ బండి. పాడేది మగపిల్లలు, ఆడేది మగపిల్లలు. బీట్ పెరిగినకొద్దీ మాట రాలిపోతోంది. మంగ్లీ లాంటి గాయని గోర్‌బోలిలో పాడినప్పుడు తండా అంతా చెవి అప్పగించింది. ఆ దారిలో నడిచినవాళ్లు మాత్రం తక్కువ.

మన దగ్గర సరుకు లేదా? లంబాడీ పెళ్లిలో పెళ్లికూతురు పాడే ఢావ్లో ఉంది. ఏడుపు పాట అని తెలుగులో చెబుతాం కానీ అది ఉట్టి ఏడుపు కాదు. తల్లి మెడ పట్టుకుని, అన్న మెడ పట్టుకుని, ఒక్కొక్కరికీ ఒక్కో లెక్క అప్పజెప్పినట్టు సాగుతుంది. నన్నెందుకు పంపుతున్నారని నిలదీసే చోటు కూడా అందులో ఉంటుంది. పెద్ద ఆడవాళ్లు దాన్ని అమ్మాయికి నేర్పేవాళ్లు. తర్వాత ఎద్దు మీద నిలబడి పుట్టింటిని దీవిస్తూ హవేలి పాడేది. గొంతు పగిలినా ఆపకూడదు. పాలీ స్టైరీన్ కీచు గొంతు వినగానే నాకు తట్టింది ఇదే. గుక్క తిప్పుకునే చోట గొంతు చిరుగుతుంది చూడండి, దాన్ని ఏ కీబోర్డు ప్యాడూ ఇవ్వలేదు. ఇప్పుడు ఆ పాట మొదలయ్యే వేళకే బాక్సు మొదలవుతోంది. అమ్మాయి గొంతు ఎవరికీ వినపడదు. ముసలమ్మలు నాలుగు వరసలు పాడి ఊరుకుంటున్నారు. ఆ నాలుగు వరసలు కూడా ఎత్తి రాసుకుందామంటే మనకు సొంత లిపి లేదు, తెలుగు అక్షరాల్లో ఆ సాగదీత ఇమడదు. మైకు ఒక్కటే దాన్ని పట్టగలదు.

అమెరికా నవాహో తెగలో బ్లాక్‌ఫైర్ అనే పంక్ బృందం ఈ పని చేసింది. బెనాలీ కుటుంబంలోని ఇద్దరు అన్నదమ్ములు, ఒక అక్కచెల్లెలు. తండ్రి తెగ వైద్యుడు, పాత పాటలు తెలిసినవాడు. పిల్లల గిటార్ మోత మధ్యలోకి తండ్రి గొంతు వస్తుంది. తాము పవిత్రంగా కొలిచే కొండ మీద మంచు ఆటల కోసం మురుగు శుద్ధి చేసిన నీటితో కృత్రిమ మంచు కురిపించబోతే ఈ కుటుంబం ఎదురు నిలిచింది. 2002లో వచ్చిన వాళ్ల ఆల్బమ్‌లో రామోన్స్ పాటగాడు జోయీ రామోన్ గొంతు కలిపాడు. అప్పటికే ఆయన చనిపోయాడు, అది ఆయన చివరి రికార్డింగుల్లో ఒకటి. టీషర్టు మీది పేరు ఆ రకంగా ఒక ఆదివాసీ ఇంటికి చేరింది. పాటలుగా చూస్తే అన్నీ గొప్పవి కావు, కొన్ని ఉపన్యాసాల్లా ఉంటాయి. తండ్రి గొంతు వచ్చినచోట మాత్రం ఒళ్లు జలదరిస్తుంది.

ఆశ్రమ పాఠశాలల్లో పనిచేసే టీచర్ మిత్రులు పిల్లలకు ఏది వినిపించాలని అడుగుతుంటారు. ముందు 'రంబుల్' పెట్టండి. రెండున్నర నిమిషాలు కూడా ఉండదు, మాటలు లేవు కాబట్టి అర్థం చెప్పే బాధ లేదు. తర్వాత వరుంపీ బ్యాండ్. అర్థం కాలేదని పిల్లలు అంటారు, అననివ్వండి. ఆ తర్వాత తండా నుంచి ఢావ్లో వచ్చిన ఒక యాడీని పిలిచి మైకు ఇవ్వండి. బడిలో ఉండే చిన్న స్పీకరు దీనికి పనికిరాదు. డీజే పిల్లవాడిని అడిగితే గంటసేపు ఒక బాక్సు ఇస్తాడు, సీజన్ కాకపోతే డబ్బులు కూడా తీసుకోడు.