పెద్దకర్మ బంతిలో

సోమవారం మా పెద్ద మేనమామ పెద్దకర్మకి తెనాలి వెళ్లొచ్చాను. షామియానా కింద మైకు పెట్టారు. ఆరుగురు మాట్లాడారు. ఆరుగురూ ఆయన్ని అజాతశత్రువన్నారు, ఆయన లోటు తీరదన్నారు, ఆత్మకి శాంతి కలగాలన్నారు. అవేవీ అబద్ధాలు కావు. కానీ పేరు మారిస్తే ఏ పెద్దకర్మలోనైనా సరిపోయే మాటలు. 1984లో చేతక్ స్కూటర్ మీద కాశీ వెళ్లిన మనిషి, బస్సులో పక్కన కూచున్నవాణ్ని దిగేలోగా చుట్టం చేసుకునే మనిషి వాటిలో ఎక్కడా కనబడలేదు. నాకు చాలా కష్టమనిపించింది.

ఉత్తరాలూ జమాఖర్చు పుస్తకాలూ పారేయకండని ఈ కాలమ్‌లో నేను అడగని ఏడాది లేదు. ఏనుగుల వీరాస్వామి పేరూ మీకు కొత్త కాదు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే 18న, ఇంటివాళ్లూ పరివారమూ కలిపి సుమారు నూరుమందితో కాశీకి బయలుదేరాడు. మరుసటేడు సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరాడు. హైదరాబాదు, నాగపూరు, జబల్‌పూరు మీదుగా ఆయన పల్లకీ సాగింది. ఏ మజిలీలో నీళ్లు బాగుంటాయి, ఏ ఊళ్లో అంగళ్లున్నాయి, ఎక్కడ దిగడానికి చోటు దొరుకుతుంది... అన్నీ రాశాడు. ఎవరికి? మద్రాసులో ఉన్న స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళైకి. 1836లో వీరాస్వామి పోయాడు. 1838లో ఆ రాతల్ని ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చువేయించింది ఆ స్నేహితుడే.

అందుకని, పోయిన మనిషి గురించి మాట్లాడాల్సింది స్నేహితులే, ఇంటివాళ్లకి తెలిసేది ఇంట్లో మనిషి మాత్రమే అని ఈ వారం రాయాలనుకుంటూ బంతిలో కూచున్నాను. నా పక్కన కూచున్నాయన మావయ్య కాశీ ప్రయాణంలో రెండో స్కూటర్ నడిపిన స్నేహితుడు. మైకు దగ్గరికి ఆయన్ని ఎవరూ పిలవలేదు.

“జబల్‌పూర్ దాటాక క్లచ్ వైరు తెగింది బాబూ. మెకానిక్కుని పిలుచుకొస్తానని వెళ్లిన మీ మావయ్య గంటన్నరైనా రాలేదు. వెళ్లి చూస్తే మెకానిక్కు ఇంట్లో పీట మీద కూచుని రొట్టెలు తింటున్నాడు. హిందీ ముక్క రాదు!” అని నవ్వాడు. తరవాత గొంతు తగ్గించాడు. “సాయంత్రమైతే మాత్రం మనిషి మనిషిలా ఉండేవాడు కాదు. ముందు పోస్టాఫీసు, తరవాతే బస. ట్రంకు కాల్ బుక్ చేసి బెంచీ మీద కూచునేవాడు. నాగపూర్‌లో మూడు గంటలు కూచున్నాడు. లైను కలిశాక, క్షేమం, పిల్లలు తిన్నారా... అంతే.”

గారెల బేసిన్‌తో వడ్డిస్తూ వస్తున్న మా బావ అక్కడే ఆగిపోయాడు.

“ఆ ఫోన్లు మా ఎదురు మందుల కొట్టుకి వచ్చేవి. రోడ్డు దాటి పరిగెత్తేవాళ్లం. రెండు ముక్కలు మాట్లాడి పెట్టేసేవాడని నాన్న మీద నాకు కోపంగా ఉండేది. మూడు గంటలు కూచున్నాడా?”

ఆ ఫోన్‌కి ఒక చివర మా బావ, రెండో చివర ఈ పెద్దాయన. నలభై ఏళ్లలో ఎప్పుడూ ఒకరి మాట ఒకరికి చేరలేదు. బంతి కదలడం లేదని వెనక నుంచి ఎవరో కేకేస్తున్నా బావ కదల్లేదు. స్నేహితులే చెప్పాలన్న నా మాట అక్కడే వదిలేశాను. ఊళ్లు తిరిగినవాడూ, పిల్లలు తిన్నారా అని అడిగినవాడూ ఒకే మనిషి. ఆయన్ని పూర్తిగా చెప్పాలంటే ఇద్దరూ ఒకచోట కూచోవాలి.

మీ ఇళ్లలోనూ మైకు దగ్గరికి రాని స్నేహితుడొకరు ఉంటారు. బంతిలో ఆయన పక్కన ఇంటివాళ్లలో ఒకరిని కూచోబెట్టండి. మా పెద్దాయనకి ఎనభై రెండేళ్లు. వచ్చే ఆదివారం నోటుపుస్తకం తీసుకుని మా బావ ఆయనింటికి వెళ్తున్నాడు.