గంటంబావు ఆరాధన

పోయిన ఆదివారం మా చర్చి గుమ్మం పక్కనున్న బోర్డు మీద కొత్త నోటీసు కనబడింది. వచ్చే నెల నుంచి ఆరాధన గంటంబావులో ముగిస్తారట. ఇన్నాళ్లూ తొమ్మిదింటికి జరుగుతున్న ఒక్క ఆరాధన ఇకమీదట మూడవుతుంది. పొద్దున ఆరింటికి తెలుగు, ఎనిమిదిన్నరకు ఇంగ్లీషు, పదకొండింటికి యువత. వారం మధ్యలో ఇళ్లలో చిన్న బృందాలు కూడుకుంటాయి. సంఘస్తులు ఒకరినొకరు ఎరగాలి, వాక్యంలో ఎదగాలి, అందుకే ఈ మార్పు అని కింద కారణం కూడా రాశారు.

నేను చదువుతుండగా కమిటీ సెక్రటరీ గారు వచ్చి, "మీరు ఎన్నాళ్ల నుంచో రాస్తున్నదే కదండీ చేస్తున్నాం" అన్నారు. అవును, రాస్తూనే ఉన్నాను. మైకు మీద నా ఫిర్యాదు, వరసల కుర్చీల మీద నా ఫిర్యాదు ఈ కాలమ్ పాఠకులకు కంఠతా వచ్చు. ముందువాళ్ల వీపులు చూస్తూ రెండు గంటలు కూర్చుని, పక్కవాళ్ల పేరైనా అడక్కుండా స్కూటర్ తీసి వెళ్లిపోయే పద్ధతిని సహవాసం అనడానికి నాకు మనసొప్పదు. ఈ ఎండాకాలంలో మా సంఘంలో ఒక పెద్దావిడ నెల పైగా ఆస్పత్రిలో ఉండి వచ్చారు. ఆ సంగతి ఆమె బంధువులకు తప్ప ఎవరికీ తెలియదు. ఆ నెల ఆమె కానుక కవరు రాలేదని మాత్రం లెక్కల పుస్తకంలో ఉంది. ఆ ఖాళీ గడి చూసినవాళ్లు వెళ్లి ఆమె తలుపు తట్టి ఉండాల్సింది.

ఇళ్ల కూడికల చరిత్రలో ఒక పెద్ద మలుపు అలాంటి లెక్కల పుస్తకం నుంచే వచ్చింది. 1742 ఫిబ్రవరిలో, ఇంగ్లండులోని బ్రిస్టల్ పట్నంలో, జాన్ వెస్లీ అనుచరులు తమ మందిరం మీది అప్పు ఎలా తీర్చాలా అని కూర్చున్నారు. తలా వారానికో పెన్నీ వేద్దామన్నాడు ఫోయ్ అనే ఆయన. పేదవాళ్లు ఎక్కడి నుంచి తెస్తారని ఇంకొకరు. అప్పుడు ఫోయ్, అయితే పదకొండు మందిని నాకు అప్పగించండి, అందరిలోకీ పేదవాళ్లనే ఇవ్వండి, వారం వారం వాళ్ల దగ్గరికి నేనే వెళ్తాను, ఇవ్వలేనివాళ్ల వంతు నేనే వేస్తాను అన్నాడు. మిగతావాళ్లూ అలాగే ఊరిని పంచుకున్నారు. పెన్నీల కోసం తలుపులు తట్టినవాళ్లకు లోపలి బతుకులు కనబడ్డాయి. ఫలానా ఇంట్లో మొగుడూ పెళ్లాల తగువు, ఫలానావాడు తాగి పడి ఉన్నాడు అని వాళ్లు వచ్చి చెప్తుంటే, తాను ఇన్నాళ్లూ వెతుకుతున్నది ఇదేనని వెస్లీ గ్రహించాడు. తర్వాత ఇల్లిల్లూ తిరగడం కష్టమై, ఆ పన్నెండుమందీ వారానికొకసారి ఒక్కచోట కూడి, నీ ఆత్మ ఎలా ఉందని ఒకరినొకరు అడిగే అలవాటు పుట్టింది. మెదక్ చర్చి కట్టించిన పోస్నెట్ దొర ఆ వెస్లియన్ మిషన్ మనిషే.

మన నేల మీదా అంతే. 1876-78 నాటి కరువులో ఒంగోలు క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొన్ని మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్లకు కూలి ఇప్పించాడు. తన బోధకులనే పని మీద అజమాయిషీకి పెట్టాడు. మట్టి తట్ట దించి సేద తీరే వేళ మాటలు సాగేవి. కూలి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు సాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ సంఖ్య అందరికీ తెలుసు. దాని వెనక కాలువ గట్టు మీద కలిసి కూర్చున్న నెలలు ఉన్నాయని నేను ఎక్కడ అవకాశం దొరికినా చెప్తుంటాను.

మా నాయనమ్మది మధిర దగ్గర చిన్న పల్లె. దోర్నకల్ డయాసిస్ కిందికి వచ్చేది. అయ్యగారి కింద బోలెడన్ని ఊళ్లు ఉండేవి కాబట్టి ఆయన మా ఊరికి ఎప్పుడో ఒక ఆదివారం వచ్చేవారు. మిగిలిన రోజులన్నీ ఉపదేశిగారివే. పగలు పిల్లలకు అక్షరాలు చెప్పేవారు. రాత్రి పెద్దలకు కూడిక. నాట్ల నుంచి వచ్చిన ఆడవాళ్లు కాళ్లు కడుక్కుని, వండి, పిల్లలకు పెట్టి, అప్పుడు వచ్చేవాళ్లు. అంతదాకా ఆయన లాంతరు ముందు పెట్టుకుని చాప మీద కూర్చుని ఉండేవారు. ఒక్కో రాత్రి ఒక్కో ఇంట్లో. ఆ ఇంటి చాప, ఆ ఇంటి నీళ్లు.

కీర్తన అయ్యాక ఆయన ప్రసంగం మొదలుపెట్టేవారు కాదు. "పోయినసారి కథ ఎవరు చెప్తరు?" అని అడిగేవారు. మా నాయనమ్మకు అక్షరం ముక్క రాదు. సమరయ స్త్రీ కథ ఆమె చెప్తుంటే బావి గట్టూ, చేంతాడూ, మిట్టమధ్యాహ్నం ఎవరూ లేని వేళ చూసుకుని నీళ్లకు పోవాల్సిన ఆడదాని బాధా అన్నీ వచ్చేవి. మధ్యలో ఎవరో "ఆమె అట్ల అనలే పెద్దమ్మా" అని దిద్దేవాళ్లు. నాయనమ్మ ఒప్పుకునేది కాదు. ఉపదేశిగారు వాళ్ల వాదన తెగేదాకా ఆగి, అప్పుడు పుస్తకం తెరిచి చదివేవారు. విన్నది తన నోటితో తిరిగి చెప్పాలి, చెప్పినదాన్ని పదిమంది ముందు నిలబెట్టుకోవాలి. శిష్యరికమంటే ఇదేనని నాకు అప్పుడు పడిన అభిప్రాయం ఇప్పటికీ పోలేదు. డెబ్బై ఏళ్లు వచ్చేనాటికి నాయనమ్మ నోట నాలుగు సువార్తలూ ఉండేవి. ఇప్పుడు మా చర్చిలో డిగ్రీలు చదివినవాళ్లం, పోయినవారం వాక్యం ఏమిటని అడిగితే తడుముకుంటాం. మమ్మల్ని ఎవరూ తిరిగి చెప్పమనలేదు మరి.

కథ అయ్యాక ఆయనది ఇంకో ప్రశ్న ఉండేది. "ఈ వారం ఎవరికి ఎవరితోటి మాటల్లేవు?" చిన్న పల్లె, అందరికీ అన్నీ తెలుసు, దాచడానికి లేదు. ఒకసారి ఇద్దరు తోడికోడళ్ల మధ్య మేకపిల్ల గురించి తగువు. ఆ రాత్రి ఎంతసేపటికీ ముగింపు ప్రార్థన రాలేదు. పిల్లలం అక్కడే నిద్రపోయాం. మెలకువ వచ్చేసరికి ఇద్దరూ ఏడుస్తున్నారు, ఉపదేశిగారు కీర్తన ఎత్తుకున్నారు. ప్రతి ఇంటి ఆడవాళ్లూ పూటపూటా వండేముందు పిడికెడు బియ్యం పక్క కుండలో వేసేవాళ్లు. కుండ నిండితే ఎవరింటికి పోవాలో విడిగా చర్చించే పని ఉండేది కాదు, కూడికలో తెలిసేది.

ఇదంతా తలచుకుంటూ, సెక్రటరీ గారి నోటీసును సమర్థిస్తూ ఈ వారం కాలమ్ రాద్దామని కూర్చున్నాను. అంతలో బృందాల జాబితా ఫోనుకు వచ్చింది.

దగ్గర దగ్గరవాళ్లకు వీలుగా ఉంటుందని బృందాలను నివాసాలను బట్టి చేశారు. పద్నాలుగు అంతస్తుల గేటెడ్ కమ్యూనిటీవాళ్లు ఒక బృందం. ఉద్యోగులు కాపురముండే కాలనీ ఒకటి. రైలు పట్టాల అవతలి బస్తీ ఒకటి. ఆ జాబితా చదివి, ఏ బృందంలో ఎంత జీతాలవాళ్లున్నారో, ఎవరి పిల్లలు ఏ బళ్లో చదువుతున్నారో, ఇంకాస్త తెలిసినవాళ్లయితే ఎవరిది ఏ కులమో కూడా చెప్పేయవచ్చు. పైగా తెలుగు ఆరాధన పొద్దున ఆరింటికి పెట్టారు. మా సంఘంలో తెల్లవారకముందే లేచి రోడ్లు ఊడ్చి, ఆ పని ముగించుకుని తొమ్మిదింటికి ఆరాధనకు వచ్చే అమ్మలున్నారు. ఆరింటికి వాళ్ల చేతిలో చీపురుంటుంది.

అప్పుడు నా జ్ఞాపకంలోనే నేను పక్కన పెట్టిన సగం ముందుకొచ్చింది. ఉపదేశిగారి కూడిక ఒక్కో రాత్రి ఒక్కో ఇంట్లో అన్నాను కదా. ఆ ఇళ్లన్నీ మా మాలపల్లెలోవే. మాదిగపల్లెకు ఆయన వేరే రాత్రి వెళ్లేవారు. వాళ్ల చాపల మీద వాళ్లు, మా చాపల మీద మేము. ఉపదేశిగారి మనసులో తేడా లేదు. ఆయన కుండలో బియ్యం ఆ పల్లెకూ పోయేది. కానీ వాళ్ల తోడికోడళ్ల తగువు మాకు తెలియదు, మాది వాళ్లకు తెలియదు. ఇళ్లు ఎంత ఆప్యాయంగా ఉన్నా గడపను దాటలేకపోయాయి.

అయ్యగారు వచ్చే ఆదివారం మాత్రం రెండు పల్లెలూ ఒక్క గుడికి రావాలి. ఒక్క రొట్టె, ఒక్క పాత్ర. ఎవరి తర్వాత ఎవరు తాగాలన్న పేచీ లోలోపల ఉండేది. ముందు వరసలో మోకరించాలని తొందరపడేవాళ్లుండేవాళ్లు. అయ్యగారు అది కనిపెట్టి వరసలు కలిపి కూర్చోబెట్టేవారు. మా నాయనమ్మ మొదటిసారి మాదిగపల్లె ముసలమ్మ పెదవులు తగిలిన పాత్రను అందుకున్నది ఆ ఆదివారాల్లోనే. ఇళ్లలో జరిగిన ఏ కూడికా ఆమెతో ఆ పని చేయించలేదు. ఆ తర్వాతే వాళ్లిద్దరూ పండగపూట ఒకరి గడప ఒకరు తొక్కారు.

కాబట్టి నేను సెక్రటరీ గారితో ఏకీభవించలేను. ఆదివారం ఆరాధన మనం ఎంచుకోని మనుషుల పక్కన మనల్ని కూర్చోబెడుతుంది. దాన్ని మూడు ముక్కలు చేసి గంటంబావుకు కుదిస్తే, మిగిలేవి మనలాంటివాళ్లతో మన ఇళ్లలో మన కబుర్లు. వాటిలో ఎంత బైబిలు చదివినా మన గురించి మనకు కొత్తగా తెలిసేది కొంచెమే.

1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో వేదనాయకం శామ్యూల్ అజరయ్య లేచి, మిషనరీల త్యాగాలన్నీ ఒప్పుకుంటూనే, మాకు మీ స్నేహం కావాలని అడిగాడు. రెండేళ్ల తర్వాత దోర్నకల్‌కు తొలి బిషప్ అయిన తమిళుడు ఆయనే, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు కూడా. ఆనాడు ఆయన అడిగిన స్నేహం తెల్లవాళ్లకూ మనకూ మధ్య. ఈనాడు మా చర్చిలో అది పద్నాలుగో అంతస్తుకూ పట్టాల అవతలికీ మధ్య కావాలి. హైదరాబాదు హెబ్రోనులో భక్త్ సింగ్ గారి కూడికలకు పోయినవాళ్లను అడగండి. అందరూ నేల మీద చాపల మీదే కూర్చునేవాళ్లు, ఆదివారం ఆరాధన గంటల తరబడి సాగేది, ఆ తర్వాత అక్కడే కలిసి భోజనం. ఆ పొడవు గురించి ఫిర్యాదు చేసినవాళ్లను నేను చూశాను, ఆ భోజనం మరిచిపోయినవాళ్లను చూడలేదు.

ఇంకొక సంగతి, దీని గురించి నేను ఇదివరకు ఇక్కడ రాయలేదు. దక్షిణ ఇండియా సంఘం 1947లో ఏర్పడ్డాక, 1950లో తన కొత్త ప్రభురాత్రి భోజన క్రమాన్ని మొదటిసారి వాడింది. అందులో సమాధానం ఇచ్చిపుచ్చుకోవడాన్ని తిరిగి తెచ్చింది. కేరళ సిరియను క్రైస్తవులు నిలుపుకున్న ఆ పద్ధతిని చూసి నేర్చుకుంది. ఇచ్చేవాళ్లు తమ కుడి అరచేతిని పుచ్చుకునేవాళ్ల కుడి అరచేతికి ఆనిస్తారు, ఇద్దరూ ఎడమచేతులు దాని మీద మూస్తారు. బల్ల దగ్గర నుంచి బయలుదేరిన సమాధానం ఆ చేతి నుంచి ఈ చేతికి వరస చివరిదాకా పోవాలి. తర్వాత ప్రపంచంలో ఎన్నో సంఘాలు తమ ఆరాధన క్రమాలు మార్చుకునేటప్పుడు మన దాన్ని చూసి నేర్చుకున్నాయి. మా చర్చిలో కొవిడ్ రోజుల్లో దాన్ని ఉన్నచోటి నుంచే నమస్కారంగా మార్చారు. జబ్బు పోయింది, నమస్కారం మిగిలింది. ఒక్క పాత్ర స్థానంలో వచ్చిన చిన్న గ్లాసులు కూడా అలాగే మిగిలాయి. లోతైన సహవాసం కోసం కొత్త పథకాలు వెతుకుతున్న కమిటీ ముందుగా ఆ రెండు నిమిషాలను వెనక్కి తేవాలి. చేతులు కలపకుండా ఎవరి ఆత్మ ఎలా ఉందో ఎవరు అడుగుతారు?

బుధవారం కమిటీకి ఉత్తరం రాసి ఇచ్చాను. ఆరాధన ఒకటే ఉండనివ్వండి, తొమ్మిదింటికే, రెండున్నర గంటలైనా సరే. ప్రసంగం తగ్గించి, పోయినవారం వాక్యాన్ని సంఘంలో ఒకరి చేత, చదువు రానివాళ్లయితే మరీ మంచిది, తిరిగి చెప్పించండి. ఆరాధన తర్వాత అన్నం పెట్టండి, వంట వంతులవారీగా చేద్దాం. ఇళ్ల కూడికలు కూడా పెట్టండి, కానీ బృందాలను చీట్లు తీసి కలపండి, ప్రతి ఇల్లూ తన వంతు రాగానే పిలవాలి, బస్తీలో ఒక్క గదైనా సరే, ఆ గదిలో పట్టినంతమందే కూర్చుందాం.

సెక్రటరీ గారు చదివి ఫోను చేశారు. చీట్ల సంగతి కమిటీలో పెడతానన్నారు. ఒక్క అనుమానం అన్నారు. గేటెడ్ కమ్యూనిటీ వంతు వచ్చిననాడు బస్తీవాళ్లను సెక్యూరిటీ దగ్గర ఆపి, ఏ ఫ్లాటులో పని అని అడిగి, పనివాళ్ల పుస్తకంలో సంతకం పెట్టమంటారు, వాళ్లు చిన్నబుచ్చుకుంటారేమో అని. చిన్నబుచ్చుకుంటారు, మరి! అందుకని ఉత్తరంలో ఇంకో వాక్యం చేర్చమన్నాను: ఎవరింట్లో కూడికో ఆ ఇంటి యజమానీ యజమానురాలూ అరగంట ముందే కిందికి దిగి గేటు దగ్గర నిలబడాలి, వచ్చేవాళ్ల పేర్లు తామే అతిథుల పుస్తకంలో రాసి, తమ లిఫ్టులో తామే పైకి తీసుకుపోవాలి.