అడుగుల్లో నీళ్లు లేవు

వానాకాలం వచ్చిందంటే పత్రికలో నేను ముందుగా వెతికేది జలాశయాల పట్టిక. అందులో నీటిమట్టం అడుగుల్లో ఉంటుంది, వచ్చే నీరు క్యూసెక్కుల్లో, నిల్వ టీఎంసీల్లో. మూడూ నీళ్ల గురించే అయినా ఒకదాన్ని చూసి ఇంకోటి చెప్పలేం. పెన్సిలు తీసుకుని అన్నిటినీ ఒకే కొలతలోకి మార్చి చూసుకోవడం నాకు ఏళ్లనాటి అలవాటు. కృష్ణా గోదావరుల నీళ్లు తాగే ప్రతి ఇంటికీ ఈ లెక్క రావాలన్నది నా కోరిక.

సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు పారితే అది క్యూసెక్కు, అంటే 28.3 లీటర్లు. టీఎంసీ వంద కోట్ల ఘనపుటడుగులు. ఒకటి పారుదల, ఇంకోటి నిల్వ. ఎంతసేపు పారిందో తెలిస్తే తప్ప మొదటిది రెండోదిగా మారదు. రోజుకు 86,400 సెకన్లు కాబట్టి 11,574 క్యూసెక్కులు రాత్రీపగలూ పారితే ఒక టీఎంసీ. లక్ష క్యూసెక్కులైతే రోజుకు 8.64 టీఎంసీలు. ‘రెండు లక్షల క్యూసెక్కులు విడుదల’ అన్న వార్త చూడగానే ఎన్ని గంటలని అడగాలి. మూడు గంటలైతే పోయింది రెండు టీఎంసీల పైచిలుకే, రోజంతా అయితే పదిహేడు దాటుతుంది.

2009 అక్టోబరు వరదల్లో కృష్ణా మీది శ్రీశైలం జలాశయానికి ఒక దశలో సుమారు 25 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. అదే ఉద్ధృతి ఒక రోజంతా సాగితే 216 టీఎంసీలు. శ్రీశైలం పూర్తి నిల్వ ఇప్పటి లెక్కల్లో 215.81 టీఎంసీలు. అంటే ఖాళీ జలాశయాన్ని ఒక్క రోజులో నింపేసే నీరది. ఆ వరద ఎంతటిదో నాకు ఈ గుణకారం చేశాకే తెలిసింది.

అడుగుల లెక్క మరీ మోసం చేస్తుంది. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు. 854 అడుగులుందని చదివితే ఇంకో ముప్పై ఒక్క అడుగులేగా, దాదాపు నిండినట్టే అనిపిస్తుంది. కానీ అక్కడ ఉండేది సుమారు 90 టీఎంసీలు, సగం కూడా కాదు. ఆ అడుగులు డ్యాం అడుగునుంచి కాదు, సముద్ర మట్టం నుంచి కొలిచినవి. పైగా పైకి వెళ్లేకొద్దీ జలాశయం వెడల్పవుతుంది కాబట్టి అట్టడుగున ఉన్న అడుగుకీ, అంచున ఉన్న అడుగుకీ నీటిలో ఎంతో తేడా. రెండు తెలుగు రాష్ట్రాల మధ్య శ్రీశైలం మట్టం గురించి అంత పట్టుదల ఎందుకో ఇక్కడే అర్థమవుతుంది.

అడుగుల్ని టీఎంసీలుగా మార్చే పట్టిక కూడా ఎల్లకాలం ఒకేలా ఉండదు. కట్టినప్పుడు ఇదే 885 అడుగుల దగ్గర శ్రీశైలం నిల్వ 308 టీఎంసీలు. నాగార్జునసాగర్‌లో 590 అడుగుల దగ్గర 408 ఉండేది, తర్వాత 312కు తగ్గింది. మట్టం మారలేదు, కింద పూడిక చేరింది.

కాలువ మీదా ఇదే కథ. రెగ్యులేటర్ దగ్గర గోడకు గీసిన గేజీ చూసి కాలువ నీళ్లు చూసుకునే లస్కరు అడుగులు రాసుకుంటాడు. ఆ ఎత్తుకు ఎన్ని క్యూసెక్కులో పట్టిక చూసి లెక్కిస్తారు. కాలువలో గుర్రపుడెక్క అల్లుకుని, మట్టి మేటవేస్తే నీరు ముందుకు సాగక అక్కడే ఎత్తు పెరుగుతుంది. గేజీ సరిగ్గానే చూపిస్తుంది, కాగితం మీద వాటా అందినట్టే ఉంటుంది, ఆయకట్టు చివరి రైతు మడి మాత్రం బీటలు వారుతుంది. అతని ఫిర్యాదు అబద్ధం కాదు. పాతబడింది ఎత్తును పారుదలగా మార్చిన లెక్క.

ఒక టీఎంసీ అంటే దాదాపు 23 వేల ఎకరాల్లో అడుగు లోతున నిలిచే నీరు. అంత నీటి గురించి మాట్లాడేటప్పుడు అంకెలు అధికారులకే అర్థమైతే సరిపోదు. పట్టికలో మట్టం పక్కనే నిల్వ శాతం, క్యూసెక్కుల పక్కనే ఆ రోజు పారిన మొత్తం టీఎంసీలు అచ్చువేయాలి. జలాశయాల పూడికనూ కాలువ గేజీలనూ క్రమం తప్పకుండా మళ్లీ కొలిచి, ఆ పట్టికలను ఊరూరా అందుబాటులో ఉంచాలి. ఎనిమిదో తరగతి పిల్లలకు ఘనపరిమాణం పాఠం సాగర్ నీళ్లతోనే చెప్పాలి. వాటా కోసం నిలదీయాల్సిన రోజున వాళ్ల చేతిలో లెక్క ఉంటుంది.