జైలు దవాఖాన రిజిస్టరు

ఈ వారం పేపర్లో జిల్లా పేజీ అడుగున నాలుగు లైన్ల వార్త. రిమాండ్ ఖైదీకి అస్వస్థత, ఆస్పత్రికి తరలింపు, చికిత్స పొందుతూ మృతి. ఊరు, వయసు, ఏ కేసులో లోపలికి పోయాడో ఉన్నాయి. జబ్బు పేరు లేదు. ఎన్నాళ్లుగా బాధపడుతున్నాడో లేదు. ఇలాంటి వార్త చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. విలేకరి మీద కాదు. అతనికి అందింది అంతే. ఎన్నాళ్లుగా బాధపడ్డాడో దేశం మొత్తానికి ఏటా అచ్చయ్యే లెక్క కూడా చెప్పదు.

ఆ లెక్క అచ్చయ్యే పుస్తకం పేరు ప్రిజన్ స్టాటిస్టిక్స్ ఇండియా. కేంద్ర హోం శాఖ కింది నేర గణాంకాల సంస్థ ఎన్‌సీఆర్‌బీ దాన్ని తెస్తుంది. 2022 సంచిక ప్రకారం ఆ ఏడాది చివరి రోజున మన జైళ్లలో 5,73,220 మంది ఉన్నారు. చోటు ఉన్నది 4,36,266 మందికే. నలుగురిలో ముగ్గురికి ఇంకా శిక్షే పడలేదు. ఆ ఏడాది లోపల చనిపోయినవాళ్లు 1,995 మంది. అందులో 1,773 మందివి సహజ మరణాలని రాశారు. గుండెపోటు, ముసలితనం, టీబీ అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. మందులు వేసుకుంటే తగ్గే టీబీతో ముప్పై ఏళ్లవాడు పోయినా అది సహజ మరణం కిందే లెక్క.

వైద్యం కోసం ఎంతమందిని బయటికి తీసుకుపోయారో చెప్పే పట్టిక కూడా ఉంది. మంచిదే. తీసుకుపోవాల్సి ఉండీ ఎస్కార్టుకు పోలీసులు దొరక్క ఎంతమంది ఆగిపోయారో చెప్పే పట్టిక లేదు.

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పట్టుదల తెలుసు. పహాణీకెక్కని కౌలు రైతు గురించి రాసినా, బడి రిజిస్టర్లో లేని వలస కూలీ పిల్ల గురించి రాసినా నా వాదన ఒక్కటే. కాగితం మీద ఉంటేనే నిలదీయగలం. అందుకే ఈసారి ఆ జాతీయ పట్టికలో గడులు పెంచమని అడుగుదామని కూర్చున్నాను. దాని కోసం పాత చట్టం తీశాను.

1894 నాటి జైళ్ల చట్టం. బేడీలకు, కొరడా దెబ్బలకు కూడా నిబంధనలు రాసిన చట్టం. కానీ దాని 15వ సెక్షన్ చదవండి. ఖైదీ చనిపోతే జైలు డాక్టరు రిజిస్టర్లో తొమ్మిది సంగతులు రాయాలి. జబ్బుగా ఉందని అతను మొదట ఎప్పుడు చెప్పాడు, లేదా పక్కవాళ్లు ఎప్పుడు గమనించారు? ఆ రోజు ఏ పని చేస్తున్నాడు? ఏ తిండి పెట్టారు? దవాఖానలో ఎప్పుడు చేర్చారు? డాక్టరుకు కబురు ఎప్పుడు అందింది? జబ్బేమిటి? చావుకు ముందు చివరిసారి డాక్టరో సహాయకుడో ఎప్పుడు చూశారు? ఎప్పుడు పోయాడు? పోస్టుమార్టం చేస్తే ఏం కనబడింది? మొదటిసారి నొప్పి అన్న రోజుకూ డాక్టరుకు తెలిసిన రోజుకూ మధ్య ఎన్ని రోజులు గడిచాయో లెక్కేస్తే జైలు వైద్యం ఎలా ఉందో తెలిసిపోతుంది. ఆ రెండు తేదీలు జాతీయ పట్టికలో లేవు.

అదే చట్టం 35వ సెక్షన్‌లో ఇంకో మాట ఉంది. పనిచేసే ప్రతి ఖైదీని కనీసం రెండు వారాలకోసారి తూచి, బరువును అతని హిస్టరీ టికెట్ (లోపల అతని వెంట ఉండే రికార్డు కార్డు) మీద రాయాలి. అది చదవగానే మా మేనమామ కళ్ల ముందు నిలబడ్డాడు.

మామ ఒక జిల్లా జైలు దవాఖానలో కంపౌండరు. చిన్నప్పుడు సెలవులకు ఆయన క్వార్టర్‌కు పోతే, సాయంత్రం పూట జైలు ముచ్చట్లే. ఖైదీల నేరాల గురించి ఎన్నడూ చెప్పలేదు. ఎవరికి ఆకలి తగ్గింది, ఎవరికి రాత్రిళ్లు దగ్గు వస్తోంది, ఎవరి కాలి పుండు మానింది, అవీ ఆయన ముచ్చట్లు. తూకం రోజు మిషన్ ముందు చెప్పులు విడిపించేవాడట. రాయి జరిపి, ముల్లు నిలిచేదాకా ఆగి, అప్పుడు రాసేవాడట. "తొందరపడితే అర కిలో తేడా వస్తది బిడ్డా, ఆ అర కిలోలోనే జబ్బు దాక్కుంటది" అనేవాడు.

మగ్గాల షెడ్డులో పనిచేసే ఒకతని సంగతి ఆయన చాలాసార్లు చెప్పాడు. ఆ మనిషి నోరు తెరిచి ఏదీ అడిగేవాడు కాదు. జబ్బు చెప్పుకునేవాళ్లు నిలబడే సిక్ పరేడ్‌లో ఎన్నడూ నిలబడలేదు. టికెట్ మీద మాత్రం బరువు ప్రతి తూకానికీ దిగుతూ వచ్చింది. మామ ఆ అంకెల కింద ఎర్ర సిరాతో గీత కొట్టి, టికెట్ పట్టుకుని డాక్టరు గదికి పోయాడు. తెమడ పరీక్ష చేయిస్తే టీబీ. వేరే గదికి మార్చి మందులు మొదలుపెట్టారు. తర్వాత కొన్ని నెలలపాటు ఇంట్లో అన్నం తింటూ మామ ఆ మనిషి బరువు ఎంత పెరిగిందో అత్తమ్మకు చెప్పేవాడు. ఆమెకు అతనెవరో తెలియదు. అయినా "ఈసారి ఎంతున్నడు?" అని అడిగేది.

రిటైరయ్యాక మామ ఒకసారి పాత కొలీగులను చూడ్డానికి ఆ జైలుకు పోయాడు. ఆయన కుర్చీ ఖాళీగా ఉంది, మనిషిని వేయలేదు. డాక్టరు వారంలో ఏ కొన్ని రోజులో వస్తాడు. జైలుకు కొత్తగా వచ్చే ప్రతి ఖైదీని పరీక్షించి నింపాలని జాతీయ మానవ హక్కుల కమిషన్ 1999లో ఒక ఫారం పంపింది. మంచి ఫారం. అక్కడ దాన్ని ఒక వార్డరు నింపుతున్నాడు. అన్ని గడుల్లోనూ నార్మల్ అని ఉంది. మామ ఆ వార్డరును తిట్టలేదు. "వాని చేతిల పెన్ను పెట్టిన్రు గని, వానికి నాడి చూడరాదు గద" అన్నాడు.

నేను అడగబోయిన కొత్త గడులకు పట్టేది కూడా ఇదే గతి. ఇండియా జస్టిస్ రిపోర్ట్ 2025 ప్రకారం జైళ్లలో 775 మంది ఖైదీలకు ఒక డాక్టరు ఉన్నాడు. మోడల్ ప్రిజన్ మాన్యువల్ ప్రకారం 300 మందికి ఒకరుండాలి. అదే రిపోర్ట్ ప్రకారం దేశంలోని జైళ్లన్నిటికీ కలిపి మానసిక వైద్యులు, సైకాలజిస్టులు 25 మంది. చూసే మనిషే లేనిచోట తొమ్మిది గడులిచ్చినా తొంభై ఇచ్చినా వచ్చేది నార్మల్ అనే మాటే. అందుకని గడులు పెంచమనే నా డిమాండును వెనక్కి తీసుకుంటున్నాను. పెంచితే ఇంకో అబద్ధాల పట్టిక అచ్చవుతుంది.

లెక్క ఎవరు రాస్తున్నారన్నది అసలు సంగతి. నార్వే 1988లో, ఫ్రాన్స్ 1994లో జైలు వైద్యాన్ని ఆరోగ్య శాఖకు అప్పగించాయి. ఇంగ్లండ్‌లో ఆ మార్పు 2006కు పూర్తయింది. మన దగ్గర జైలూ, జైలు దవాఖానా, వాటి లెక్కా హోం శాఖల కిందే ఉన్నాయి. తాళం వేసేవాడే రోగం లెక్క కూడా రాస్తుంటే ఆలస్యం తేదీలు బయటికి రావు.

ఈ మాట వరంగల్‌లో కూర్చుని అంటున్నానంటే కారణం ఉంది. నిజాం కాలంలో కట్టిన మన సెంట్రల్ జైలును 2021 జూన్‌లో ఖాళీ చేశారు. కరోనా రెండో వేవ్ నడుస్తుండగా తొమ్మిది వందలకు పైగా ఖైదీలను వేరే జైళ్లకు తరలించారు. అదే నెల 21న ఆ స్థలంలో 24 అంతస్తుల సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రికి శంకుస్థాపన చేశారు.  మన సర్కారు పెద్దాస్పత్రి ఎంజీఎం ఎప్పుడూ కిక్కిరిసే ఉంటుంది కాబట్టి ఆస్పత్రి రావడాన్ని నేను తప్పు పట్టను. కానీ అప్పుడు బండ్లెక్కి వేరే జైళ్లకు పోయిన ప్రతి మనిషికీ ఒక హిస్టరీ టికెట్ ఉండాలి. బీపీ మాత్రలు, షుగరు మాత్రలు, టీబీ కోర్సులో మిగిలిన నెలలు దాని మీద ఉండాలి. కొత్త జైలు డాక్టరు చేతికి అవన్నీ అందాయా అని మనలో ఎవరమూ అడగలేదు. నేను కూడా అప్పుడు కట్టడం గురించే రాశాను.

మామునూరు వైపు కొత్త జైలు కడతామని అప్పట్లోనే చెప్పారు. కట్టే రోజు వచ్చినప్పుడు దాని దవాఖానను ఆరోగ్య శాఖకు ఇవ్వండి. డాక్టరు, ఫార్మసిస్టు, నర్సు జీతం ఆ శాఖ నుంచే రావాలి. ఖైదీకి ఎంజీఎం ఓపీ నంబరే ఉండాలి. లోపల ఉన్నా, బెయిలు మీద బయటికొచ్చినా అదే నడవాలి. మన ఎమ్మెల్యేలను, ఆరోగ్య శాఖ మంత్రిని అడుగుతున్నాను, ముందు ఆ పోస్టులు మంజూరు చేసి నింపండి. ఈ కాలమ్ చదివే డాక్టర్లు, వకీళ్లు కూడా ఇదే మాట కలెక్టరుకు రాయండి.